సాక్షికి సవరం

నల్లప్ప నోట్లోంచి రెండో పన్ను కూడా ఊడి మట్టిలో పడింది. మొదటిది ఎటు పోయిందో చూసుకునే సందు కూడా ఇవ్వలేదు బసవడు. జుట్టు పట్టి తల పైకెత్తి, ఎడమ చేత్తో మళ్లీ ఒకటి ఇచ్చాడు. వాడిది ఎడమ చేతి వాటం. దెబ్బ ఎటునుంచి వస్తుందో కనిపెట్టేలోపలే అది వచ్చి ఉంటుంది.

ఎండిన చెరువులో పని ఆగిపోయింది. మట్టి తట్టలెత్తుకుని కట్ట ఎక్కుతున్న ఆడవాళ్లు వాలు మీద ఎక్కడివాళ్లు అక్కడ నిలబడిపోయారు. నెత్తి మీది బరువు దించుకోవాలన్న సంగతే మరిచిపోయారు. గుంతల్లో మగవాళ్లు గుద్దలి కర్రల మీద చేతులు ఆనించి, తమ కాళ్లనే కొత్తగా చూస్తున్నట్టు నేల చూస్తున్నారు. ఎనభై రెండో సంవత్సరం మే నెల. పెనుకొండ కొండ మీది పాత గోడలు ఎండకు సున్నం కొట్టినట్టు తెల్లగా మెరుస్తున్నాయి.

కట్ట మీద ఆపిన జీపుకు ఆనుకుని రుద్రప్ప సోడా తాగుతున్నాడు. హిందూపురంలో పెద్ద కాంట్రాక్టరు. తాగి, సీసా డ్రైవరుకిచ్చి, మూతి తుడుచుకున్నాడు.

"సాల్లేరా బసవా. సంఘానికి ప్రెసిడెంటు గదా, ఆ మూతి కొంచెం మిగిలించు. సాయంత్రం ఇంజనీరు సారుకు నమస్కారం చెప్పల్ల."

బసవడు నవ్వి జుట్టు వదిలేశాడు. నల్లప్ప మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"నిన్న పొయ్యేటప్పుడు ఏం చెప్పి పోతిని నీకు?" అన్నాడు రుద్రప్ప కట్ట మీద నుంచే.

"సాక్షులకు తల పెంచమంటివి సామీ."

"పెంచినావా?"

"ల్యా సామీ."

"ఎందుకు పెంచల్యా?"

నల్లప్ప రక్తం ఉమ్మేసి, "ఆడోళ్లు ఒప్పుకోల్యా సామీ," అన్నాడు.

రుద్రప్ప డ్రైవరు వైపు తిరిగాడు. "ఇన్యావా? ప్రెసిడెంటును నేను తప్పు మనిషిని చేసినట్లుండా. రవిక తొడిగినోళ్లను చేయాల్సింది."

డ్రైవరు నవ్వాడు. జీతం తీసుకునేవాడు నవ్వక ఏం చేస్తాడు.

మట్టి పనిలో సాక్షి అంటే మనిషి కాదు. చెరువు నేలలో గుంత తవ్వేటప్పుడు వడ్డెవాళ్లు నడిమధ్యలో, ఒక మనిషి చేతులు చాచి కావలించుకునేంత మట్టిని ముట్టకుండా వదిలేస్తారు. చుట్టూ నేల దిగిపోయేకొద్దీ అది స్తంభంలాగా నిలబడుతుంది. దాని నెత్తిన పాత నేల, పాత తుంగ మొదళ్లు అట్లనే ఉంటాయి. నేల ఒకప్పుడు ఈ ఎత్తున ఉండేదని అది చెబుతుంది. ఇంజనీరు వచ్చి దాని తల నుంచి పాదం దాకా టేపు పెడితే ఎంత మట్టి తీశారో తేలుతుంది. టేపు కింది కొసను సాక్షి పాదం దగ్గర పట్టుకునేది ఎప్పుడూ వడ్డెవాళ్ల పెద్దే.

ఆ సాక్షి నెత్తిన ఇంకో రెండడుగుల మట్టి మెత్తి, పైన గడ్డి పరిస్తే, అది తల పెంచడం. తీయని మట్టి తీసినట్టు కనబడుతుంది. సర్కారు దానికీ దుడ్లిస్తుంది. అయితే తవ్వని మట్టి కట్ట మీదికి రాదు కదా. కాగితంలో కట్ట లావుగా ఉంటుంది, చెరువులో సన్నగా ఉంటుంది. వాన కాగితం చదవదు.

వడ్డెవాళ్లకు ఆ స్తంభమంటే ఉట్టి మట్టి కాదు. గుంతకు గీత గీసిన రోజున పెద్దామె వచ్చి దాని తలకు పసుపు కుంకుమ పెడుతుంది. ఆ తర్వాత కొలత అయ్యేదాకా దాని మీద ఎవరూ కాలు పెట్టరు, తట్ట పెట్టరు. కొలత అయినాక దాన్ని కూల్చి, ఆ మట్టినే ఆఖరి తట్టగా కట్టకు వేస్తారు. వాళ్లలో ఒట్టు పెట్టుకునేవాడు దేవుణ్ణి అంతగా పిలవడు. "సాక్షి తల మింద ఆన" అంటాడు. ఆ మాట అన్నాక ఇంక ఎవరూ ఎదురు అడగరు.

అటువంటి తలను పెంచమంటున్నాడు రుద్రప్ప.

"ఇను నల్లప్పా," అన్నాడు, గొంతు మెత్తగా చేసుకుని. "నేను పెనుకొండకు పోయి, ఇంజనీరు సారుకు అన్నం పెట్టించి తీసుకొస్తా. వచ్చేతలికి మూడు సాక్షులూ నిలువెత్తు ఉండల్ల. లేకుంటే, దుడ్లు తిని పని చేయల్యా అని సంఘం మింద నేనే రిపోర్టు ఇస్తా. సంఘమంటే ఎవరు?"

నల్లప్ప మట్టిలో పడిన పన్ను ఏరుకున్నాడు.

"చెప్పురా. ఎవరు?"

"నేనే సామీ."

"మీ అన్న కూడా ఈ మాటే అంటాండె. పాపం, మంచోడు."

జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది. బసవడు, ఇంకో ఇద్దరు కట్ట మీది తుమ్మచెట్టు నీడలో కూర్చున్నారు. గడ్డపార ఒకటి బసవడి తొడల మీద అడ్డంగా పడుకుంది.

మూడేళ్ల కిందట సర్కారు ఒక మంచి మాట చెప్పింది. వెనకబడినవాళ్లు సంఘం పెట్టుకుంటే చాలు, చెరువు పనులు టెండరు లేకుండా, డిపాజిట్టు లేకుండా నేరుగా వాళ్లకే ఇస్తామంది. నడుమ కాంట్రాక్టరు ఉండడు, తవ్వినవాడి కష్టం తవ్వినవాడికే అంది. హిందూపురంలో సభ జరిగింది. ఒక ఆఫీసరు వచ్చి, "ఇక నుంచి మీరు కూలీలు కాదు, కాంట్రాక్టర్లు" అన్నాడు. వడ్డెవాళ్లు అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టారు.

ఆ సభకు షామియానా వేయించింది రుద్రప్ప. సంఘం రిజిస్ట్రీకి ఆఫీసుల చుట్టూ తిరిగింది రుద్రప్ప గుమాస్తా. సంఘం బోర్డు రుద్రప్ప జీపు షెడ్డులో తగిలించారు, ఇప్పటికీ అక్కడే ఉంది. రబ్బరు ముద్ర రుద్రప్ప సొరుగులో ఉంది. అంతకు ముందు వడ్డెవాళ్లు రుద్రప్ప కింద కూలీలు, ఆ తర్వాత రుద్రప్ప కింద కాంట్రాక్టర్లు. మగవాడికి ఆరు రూపాయలు, ఆడదానికి నాలుగు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. మారింది ఒక్కటే. పని చెడితే పోలీసుస్టేషనుకు పోయేవాడి పేరు.

ఆ పేరు మొదట నల్లప్ప అన్న ఈరన్నది. ధర్మవరం అవతల ఒక చెరువు పని ఆ సంఘానికే వచ్చింది. రుద్రప్ప మనుషులు సాక్షులకు తలలు పెంచారు. ఈరన్న అడ్డం చెప్పలేదు, చెయ్యీ వేయలేదు. కొలత రోజున టేపు కొస మాత్రం పట్టుకున్నాడు. మొదటి పెద్ద వానకే కట్ట తెగింది. కింద మంద తోలుకున్న గొర్రెలవాళ్ల కుటుంబం కొట్టుకుపోయింది. తల్లి చంకలో బిడ్డ చంకలోనే ఉండగా, మూడు చేల అవతల కంపలో దొరికారు. పోలీసులు కాంట్రాక్టరు ఎవరని అడిగారు. కాగితంలో ఉన్న పేరు చదివారు.

స్టేషనులో ఈరన్నను అరికాళ్ల మీద, వీపు మీద, పొట్ట మీద కొట్టారు. తిన్న దుడ్లు యాడ పెట్టినావని అడిగారు. ఆరు రూపాయలు ఎక్కడ పెడతాడు మనిషి. బయటికొచ్చాక వాడికి ఎర్రగా ఉచ్చ పడేది. ధర్మవరం రైలుస్టేషనులో ప్యాసింజరు కోసం కూర్చుని, పెండ్లాం నాగక్క ఒళ్లోనే పోయాడు. దినానికి రుద్రప్ప ఒక బస్తా బియ్యం, ఒక తెల్ల చీర పంపించాడు. ఆ మరుసటి నెలలో నల్లప్పను పిలిపించి, "మీ అన్న పేరు నిలబెట్టల్ల" అన్నాడు. నిజమే చెప్పాడు. ఆ పేరే నిలబడింది.

మేస్త్రీ లాల్‌సాబ్ చెంబుతో నీళ్లు తెచ్చి నల్లప్ప ముందు పెట్టాడు. రుద్రప్ప జీతగాడే, కానీ వడ్డెవాళ్లతో పాటు సంగటి తినే మనిషి.

"కడుక్కో అప్పా. ఈగలు ముసురుతాండాయి."

"సాయిబన్నా, నువ్వన్నా చెప్పు. ఏం చేసేది నేను?"

"నేనేం చెప్పేదప్పా. నా పండ్లు నాకు అన్నీ ఉండాయి. ఎట్ల ఉండాయనుకుంటివి? నోరు మూసుకుని ఉండాదానికే."

నాగక్క కట్ట దిగి వచ్చింది. తట్ట ఇంకా నెత్తినే ఉంది. నలభై దాటిన మనిషి, నల్లగా, గట్టిగా, కొయ్యలాగా ఉంటుంది. ఆమె వెనక ఆడవాళ్లంతా వచ్చారు. అందరికంటే ముసలిది, సాక్షులకు బొట్టు పెట్టిన పాపమ్మ, గుంత అంచున చతికిలబడింది.

"ఏం మరిదీ, పెంచుతావా?" అంది నాగక్క.

"ఈ ఒక్కతూరికి వదిలెయ్ వదినా. కేసు పెడతానంటాండాడు. అన్నకు జరిగిందే నాకూ జరుగుతాది."

"మీ అన్నకు ఎందుకు జరిగింది?"

"నన్ను అడుగుతావేంది? నీకు తెలీదా?"

"తెల్సు. వాళ్లు తల పెంచుతాంటే సూస్తా నిలబడినాడు. ఆ పొద్దు నోరు తెర్సింటే ఒక పన్ను పోతాండె, రెండు పోతాండె. పండ్లు పోయినా సంగటి మింగొచ్చు. తర్వాత మింగేకి మనిషే ల్యాకపాయె."

"మెల్లగా మాట్లాడు. వాడు ఇంటాడు."

"ఇననీ. మన గుడిసెలు యాడుండాయిరా?"

నల్లప్ప తల వంచుకున్నాడు. ఆ ప్రశ్న ఆమె అడగనవసరం లేదు. సర్కారు వడ్డెవాళ్లకు ఇళ్ల జాగాలిచ్చింది. మంచి జాగాలన్నీ మంచివాళ్లకు పోగా మిగిలినది ఈ చెరువు కట్ట కింద. రెండేళ్ల నాడు కట్ట ఒక మూల తెగితే కోళ్లు, మేకలు పోయాయి, మనుషులు పగలు కావడాన బతికారు. ఇప్పుడు ఆ కట్టకే మట్టి వేస్తున్నారు. నల్లప్ప పిల్లలిద్దరూ ఈ ఎండలో ఆ కట్ట నీడలోనే ఆడుకుంటున్నారు.

"వానలు వచ్చేలోపల మనమే వేసుకుందాం వదినా. రాత్రీ పగలూ వేస్తాం," అన్నాడు.

"ఎవుని కూలికి?"

చెట్టు కింద నుంచి బసవడు గడ్డపారను రాయి మీద టంగుమని కొట్టాడు. నల్లప్ప వీపు దానంతట అదే ముడుచుకుంది. కొట్టించుకున్న ఒళ్లు మనిషి మాట వినదు, ఎవడు కొట్టాడో వాడి మాటే వింటుంది. లేచి పార అందుకున్నాడు.

మగవాళ్లలో ఒక్కడూ తోడు రాలేదు. వద్దనీ అనలేదు. నల్లప్ప ఒక్కడే మొదటి గుంతలోకి దిగాడు. సాక్షి వాడి రొమ్ము ఎత్తున నిలబడి ఉంది. నెత్తిన పాపమ్మ పెట్టిన పసుపు ఎండకు పెచ్చులు కట్టింది. తాగే నీళ్ల కుండలోంచే నీళ్లు పోసి మట్టి తడిపాడు. ముద్ద చేసి పసుపు మీద పెట్టాడు. ఇంకో ముద్ద. చేతుల్లో సత్తువ లేక కాదు, ముద్ద అంటుకోకుండా రెండుసార్లు జారి పడింది. మూడోసారి అరచేత్తో గట్టిగా తట్టాడు. ఈ చేతులు పుట్టినప్పటి నుంచి మట్టి తీయడమే చేశాయి, మట్టితో అబద్ధం చెప్పడం వాటికి రాదు. చెప్తూ చెప్తూ నేర్చుకున్నాయి.

బసవడి మనుషులిద్దరూ తూము దగ్గర నుంచి గడ్డి పెళ్లలు కోసి తెచ్చి పడేశారు. తూము అడుగున తడి ఆరని చోట ఎండాకాలంలోనూ గడ్డి పచ్చగా ఉంటుంది. వాళ్లకు పచ్చదైనా ఎండినదైనా గడ్డి అంటే గడ్డే. నల్లప్ప దాన్ని తీసుకుని కొత్త తల మీద పరిచాడు.

పరిచి రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. చెరువంతా బూడిద రంగు. నేల, తుంగ మొదళ్లు, మనుషుల వీపులు అన్నీ బూడిద రంగే. దాని నడిమధ్యలో నిలువెత్తు మట్టి స్తంభం, నెత్తిన నిగనిగలాడే పచ్చటి జుట్టు.

నాగక్క నవ్వింది. మొగుడు పోయాక ఆమె నవ్వడం ఎవరూ వినలేదు. రాళ్లు దొర్లినట్టుంది ఆ నవ్వు.

"సూడండే! సాక్షికి సవరం పెట్టినాడు మా మరిది! తల దువ్వి పూలు కూడా పెట్టరా, పెండ్లికి పోతాది!"

పాపమ్మకు నోట్లో వక్కాకు అడ్డం పడి దగ్గు వచ్చింది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్లలోనూ ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. లాల్‌సాబ్ కూడా పక్కకు తిరిగాడు. నల్లప్పకు పండ్లు ఊడిన చోట కంటే ఆ నవ్వు తగిలిన చోట ఎక్కువ మండింది. కోపంతో రెండో గుంతలోకి దూకి, రెండో సాక్షికి గబగబా తల మెత్తాడు. సవరం పెట్టాడు. వెనక్కి తిరిగి చూడకుండా మూడో దాని దగ్గరికి పోయాడు.

మూడో సాక్షి మీద నాగక్క నిలబడి ఉంది.

రెండు తట్టలు బోర్లించి, వాటి మీద కాలు పెట్టి ఎక్కింది. మట్టి తట్ట నెత్తినే ఉంది. తెల్ల చీర కుచ్చెళ్లు పైకి దోపింది. కాళ్లు రెండూ పసుపు కుంకుమ మీద ఉన్నాయి.

"అయ్యో నాగీ, దిగే! మైల తగులుతాదే!" అని కేక పెట్టింది పాపమ్మ.

"సాక్షి మింద సాక్షి నిలబడితే మైల యాడిదత్తా!" అంది నాగక్క. నల్లప్ప వైపు చూసింది. "రా మరిదీ. మట్టి నా నెత్తిన ఎయ్. నీకు ఎంత ఎత్తు కావల్నో అంత ఎయ్. మీ అన్నను పూడ్సినప్పుడు ఏసినట్ల, బాగా ఏసి తొక్కు."

నల్లప్ప చేతిలోని ముద్ద వేళ్ల సందుల్లోంచి జారిపోయింది.

"దిగు వదినా. నీ కాళ్లు మొక్కుతా."

"మొక్కితే ఈడికే మొక్కు. కాళ్లు సరింగ నీ ముకానికే ఉండాయి."

బసవడు చెట్టు కింద నుంచి లేచి వచ్చాడు. తొందర పడలేదు. గుంతలోకి దిగి, గడ్డపార మొనను సాక్షికి ఆనించాడు.

"దిగుమే."

"కూలికి వచ్చినోడివి, నీకెందుకు కోపం? నీకు ఎంతిస్తాడు రోజుకు?"

"దిగుమే లం..."

ఆ మాట పూర్తి కాలేదు. నాగక్క తల కొంచెం వంచింది. తట్టలోని మట్టంతా బసవడి ముఖాన పడింది. వాడు కళ్లు మూసుకుని, నోట్లో మన్ను ఉమ్ముకుంటూ గుడ్డివాడిలాగా చేతులు ఊపాడు. ఈసారి నవ్విన వాళ్లు నోళ్లకు కొంగు పెట్టుకోలేదు. గుంత గుంతంతా నవ్వింది.

ఆ నవ్వుకే పిచ్చి పట్టింది వాడికి. కళ్లు తెరవకుండానే గడ్డపార ఎత్తి కొట్టాడు. మొదటి దెబ్బ ఆమె మోకాలి కింద తగిలింది. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆమె ఒరిగింది గానీ పడలేదు, గాలిని పట్టుకున్నట్టు నిలబడింది. రెండో దెబ్బ సాక్షి పాదంలో దిగింది. గడ్డపార అడ్డం తిప్పి, బరువంతా వేసి పెకలించాడు. ఎండకు బీటలు తీసిన మట్టి, కర్రుమని విరిగింది. స్తంభం నిలువునా వంగి, మనిషితో సహా కూలింది.

దుమ్ము లేచింది. ఎవరి ముఖం ఎవరికీ కనబడలేదు. ఆ దుమ్ములో ఒక్క మూలుగు వినబడింది, తర్వాత అది కూడా లేదు.

నల్లప్ప పెళ్లల మీద పడి గోళ్లతో తవ్వాడు. చెయ్యి కనబడింది, తర్వాత మట్టి నిండిన జుట్టు, తర్వాత ముఖం. ముక్కులోంచి రక్తం కారి మట్టితో కలిసి గట్టిపడుతోంది. కుడి తొడ ఉండాల్సిన తీరున లేదు. మోకాలి కింద తెల్లగా ఎముక బయటికి వచ్చింది. పాపమ్మ దాన్ని చూసి కొంగు కప్పింది.

"వదినా! వదినా!"

నాగక్క కళ్లు తెరిచింది. ఏదో అంది. నల్లప్ప చెవి దగ్గర పెట్టాడు.

"ఆ సవరాలు పీకు," అంది.

"ఆస్పత్రికి పోదాం వదినా. బండి కడతాం."

"పీకినంక ఎత్తు నన్ను."

కట్ట మీద జీపు ఆగింది. రుద్రప్ప దిగాడు. వెనక ఇంజనీరు దిగాడు, చేతిగుడ్డతో మెడ తుడుచుకుంటూ. భోజనం బాగా పడినట్టుంది, ముఖంలో నిద్ర ఉంది. చేతిలో తోలు చుట్టున్న టేపు.

"ఏమైందిరా?" అన్నాడు రుద్రప్ప, బసవణ్ణి చూసి.

"మట్టి విరిగి పడిందయ్యా. ఆడమనిషి కింద ఉన్యాది."

రుద్రప్ప నాలుక చప్పరించాడు. "సూస్తిరా సార్, ఎంత చెప్పినా వీళ్లు జాగ్రత్త పడరు. వాళ్ల సంఘం, వాళ్ల పని. మనం చెప్పే హక్కు కూడా ల్యాకపాయె."

ఇంజనీరు గుంతలో పడి ఉన్న మనిషి వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు. తిప్పుకున్న చూపు సవరాల మీద పడింది. మే నెలలో, చుక్క నీరు లేని చెరువు నడుమ, రెండు పచ్చటి తలలు. చిన్నపిల్లలకైనా నవ్వొస్తుంది. ఇంజనీరుకు నవ్వు రాలేదు. చేతిగుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఒకటి పడిపోయిందా? పర్వాలేదు, రెండు చాలు," అన్నాడు. "ప్రెసిడెంటు ఎవరు?"

కట్ట తెగిన రోజు పోలీసులు అడిగి ఈరన్నను పట్టుకుపోయిన ప్రశ్న ఇటువంటిదే. నల్లప్ప లేచి నిలబడ్డాడు. చేతులకు నాగక్క రక్తం, గడ్డానికి తన రక్తం.

"నేనే సామీ."

"రా, ఈ కొస పట్టుకో. కింద పెట్టి గట్టిగా పట్టుకో, కదిలించొద్దు."

ఇంజనీరు మొదటి గుంతలోకి దిగి, వెనకే వచ్చిన నల్లప్ప ముందుకు టేపు కొస లాగి చాచాడు. మొదటి సాక్షి పక్కన, తెల్లటి టేపు ఎండలో మెరుస్తూ నల్లప్ప కోసం వేలాడింది. అన్న పట్టుకున్నది ఇటువంటి కొసే. అటు పక్క చేతులు మారుతాయి గానీ ఇటు పక్క చేతులు ఎప్పుడూ వీళ్లవే.

నల్లప్ప చెయ్యి చాచలేదు.

"పట్టుకోను సామీ."

అన్నాక తనకే ఆశ్చర్యం వేసింది. పండ్లు లేని సందులోంచి గాలి ఈలలాగా వచ్చింది.

"ఏంరా?" అన్నాడు రుద్రప్ప.

"ఈ తల దీనిది కాదు. నేను పెట్టింటి. నేనే తీస్తా."

పార ఎత్తి కొట్టాడు. పచ్చటి గడ్డి పెళ్ల ఎగిరి ఇంజనీరు బూట్ల దగ్గర పడింది. రెండో దెబ్బకు తడి మట్టి ముద్దలు ముద్దలుగా రాలింది. కింద నుంచి పసుపు బయటపడింది.

రుద్రప్ప కేక వేయలేదు. బసవడి వైపు చూశాడంతే. గడ్డపార నల్లప్ప కుడి భుజం మీద పడింది. చెయ్యి కొమ్మ విరిగినట్టు వేలాడింది, పార జారిపోయింది. నల్లప్ప కింద పడి, లేచి, ఎడమ చేత్తో గుంత అంచు పట్టుకుని పైకి పాకి, రెండో గుంతలోకి దొర్లాడు. రెండో సాక్షిని కావలించుకుని లేచాడు. పారకు చెయ్యి లేదు. గోళ్లతో సవరం పీకాడు. వీపు మీద ఇంకో దెబ్బ పడింది. నోట్లోంచి రక్తం సాక్షి మీద కారింది. పీకుతూనే ఉన్నాడు.

ఇంకో దెబ్బకు గడ్డపార లేచినప్పుడు పాపమ్మ తట్ట పట్టుకుని గుంతలోకి దిగింది. దిగి, నల్లప్ప వీపుకూ బసవడికీ నడుమ ఆ ఖాళీ తట్ట బోర్లించుకుని దాని మీద కూర్చుంది. ఆమె వెనక ఒకామె దిగింది. ఆ వెనక ఇంకొకామె. మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత గుద్దలి కర్రల మీద ఆనించిన చేతులు తీసి, ఆ కర్రలు పట్టుకున్నారు. లాల్‌సాబ్ తలగుడ్డ విప్పి, నాగక్క దగ్గర కూర్చుని, విరిగిన కాలికి కట్టడం మొదలుపెట్టాడు. రుద్రప్ప పేరు పెట్టి పిలిచినా తల ఎత్తలేదు. రేపటి నుంచి వాడికి జీతం లేదు.

రెండో తల కూడా పూర్తిగా రాలిపోయింది. సాక్షి తన ఎత్తుకు తాను వచ్చింది, నల్లప్ప రొమ్ము ఎత్తుకు. నెత్తిన బూడిద రంగు తుంగ మొదళ్లు, పెచ్చులు కట్టిన పసుపు.

నల్లప్ప దాన్ని ఆనుకునే తిరిగాడు. ఎడమ చెయ్యి ఇంజనీరు వైపు చాచాడు. వేళ్ల నిండా మట్టి, గడ్డి, రక్తం.

"ఇంగ పట్టుకుంటా సామీ. ఇయ్."

ఇంజనీరు రుద్రప్ప వైపు చూశాడు. రుద్రప్ప బసవడి వైపు చూశాడు. బసవడు తన ముందు తట్ట మీద కూర్చున్న ముసలిదాన్ని, ఆమె వెనక లేచిన గుద్దళ్లను చూశాడు. వాడి గడ్డపార పైకి లేచే ఉంది. టేపు కొస గాలికి చిన్నగా కొట్టుకుంటోంది, దాని మీద అంకెలు ఒకసారి కనబడుతున్నాయి, ఒకసారి కనబడడం లేదు.

"కొల్సు సామీ," అంది మూడో గుంతలోంచి నాగక్క.